పోతాండేవాటికి చట్టం లేదు

చట్టం అన్న మాటకు మన భాషలో రెండు అర్థాలున్నాయి. ఒకటి ప్రభుత్వం చేసేది, రెండవది పటాలకు కట్టేది. రెండింటి పనీ ఒక్కటే: లోపల ఉన్నది అటూ ఇటూ జరగకుండా నాలుగు వైపులా పట్టి ఉంచడం. మొదటిదానిని నేను జీవితమంతా గౌరవించాను. రెండవదాని విషయంలో మాత్రం ప్రొద్దుటూరులో పటాలు కట్టే ఒక సాయిబుతో నాకు భేదాభిప్రాయం కలిగింది. అది ఈనాటికీ పూర్తిగా పరిష్కారం కాలేదు.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి. నేను జమ్మలమడుగు ఉన్నత పాఠశాలలో ప్రకృతిశాస్త్రం బోధించేవాడిని. పాఠశాల వెనుక వరుసలో నాపరాళ్ళు పరచిన గది ఒకటి ఖాళీగా ఉండేది. అందులో చక్కని ప్రదర్శనశాల ఏర్పాటు చేయాలని నా సంకల్పం. అదే గదిలో బంతులు, డప్పులు, తాడు లాగే పోటీకి వాడే మోకు పెట్టుకోవాలని డ్రిల్లు మాస్టరు సంకల్పం. ఇద్దరి సంకల్పాలూ అప్పటికే కొంత కొంత లోపలికి ప్రవేశించాయి. నా వైపు పక్షిగూళ్ళు, పాము కుబుసాలు, పెన్న ఇసుకలో ఏరిన గవ్వలు, ఒక ఉడుము చర్మం ఉండేవి. ఆయన వైపు గాలి పోయిన బంతులు ఉండేవి. మోకు మాత్రం ఎవరి వైపూ కాక నడుమ చుట్ట చుట్టుకుని పడి ఉండేది. నేను లోపలికి వెళ్ళినప్పుడల్లా అది నా కాలికి తగిలేది. అది యాదృచ్ఛికమని నేను ఎన్నడూ నమ్మలేదు.

ప్రధానోపాధ్యాయులు తగవులు తీర్చడమంటే ఇష్టం లేని మనిషి.

"ఇనస్పెక్షనుకు ఆఫీసరు వస్తాండాడు గదా. గది ఆయనకు చూపిస్తా. ఎవురికి ఇయ్యమంటే వాళ్ళది. అంతదాకా ఇద్దరూ నా దగ్గరికి రావద్దండి" అన్నారు.

అందువల్ల నా ప్రదర్శనశాల బ్రతుకంతా ఆ ఒక్క పూట మీద ఆధారపడింది. నిష్పక్షపాతంగా చెప్పవలసివస్తే, అధికారికి చూపదగిన వస్తువు నా దగ్గర ఒక్కటీ లేదు. ఉడుము చర్మానికి చెదలు పట్టాయి. కుబుసాలు తలుపు తీసినప్పుడల్లా గాలికి లేచి డ్రిల్లు మాస్టరు వైపు వెళ్ళిపోయేవి.

అటువంటి సమయంలో మిషను బంగళా నుంచి నాకు పిలుపు వచ్చింది. అక్కడ ఒక దొరసాని ఉండేవారు. వారు వైద్యురాలు, ఆస్ట్రేలియా దేశస్థురాలు. మా తాలూకా స్త్రీలకు పురుళ్ళు పోస్తూ, ఆ పురిటి మంచాల పక్కనే తెలుగు నేర్చుకున్నారు. కాబట్టి ఆమె తెలుగుకు వ్యాకరణంతో పరిచయం లేదు. ఉద్యోగం చాలించి స్వదేశానికి వెళుతూ, ఉన్న వస్తువులను ఒక్కొక్కరికి ఒక్కొక్కటిగా పంచిపెడుతున్నారు. నా చేతిలో ఒక పొడవాటి రేకు గొట్టం పెట్టారు.

"మా తాతవి, అయివారూ. ఈడ ఎవురూ అడగలా. మీరు పిల్లోళ్ళకు పాఠం చెప్తారు గదా, పెట్టుకోండి."

విప్పి చూస్తే నాలుగు చిత్రపటాలు. నూరేళ్ళ నాటివి. దళసరి కాగితం మీద అచ్చు వేసి, ఆపైన చేతితో రంగులు దిద్దినవి. నాలుగూ ఆస్ట్రేలియా ఖండపు జంతువులు, నాలుగూ పొట్ట దగ్గరి సంచిలో పిల్లలను పెంచే జాతివి. ఒకదానికి కుందేలు చెవులు. ఒకటి పిల్లి వంటిది, ఒంటినిండా తెల్లని చుక్కలు. ఒకటి చెదపురుగులు తినేది, నడుము మీద అడ్డచారలు. నాలుగవది పొడుగు మూతిది. చిత్రకారుడు వాటిని ప్రాణంతో చూసినట్లు లేదు. తోలులో దూది కూరి ఎదుట నిలబెట్టుకుని వేశాడేమో, నాలుగింటి ముఖాలలోనూ ఫోటోకు కూర్చున్న పెండ్లికొడుకు బిగింపు ఉంది. అయినా వెంట్రుక వెంట్రుకనూ విడదీసి చూపించిన ఆ పనితనానికి నాకు తల వంగింది. క్రమశిక్షణ లేనివాడు అటువంటి తోక వేయలేడు.

"ఇవి మీ దేశంలో విరివిగా ఉంటాయా?" అని అడిగాను.

"యాడుండాయప్పా! మావోళ్ళే నక్కల్ని తెచ్చి ఇడిసినారు, పిల్లుల్ని తెచ్చి ఇడిసినారు. అవి పట్టుకోని తింటాండాయి. శానా తక్కువైనాయి. పోతాండాయి."

నా తరగతిలో ఎవడైనా 'పోతాండాయి' అని వ్రాస్తే, 'పోవుచున్నవి' అని పలకకు రెండు వైపులా వ్రాయించేవాడిని. దొరసానిగారు వయసులో పెద్దవారు, పైగా ఊరు విడిచి వెళుతున్నవారు. అందువల్ల ఊరుకున్నాను.

పటాలు కట్టించాలంటే ఆ రోజుల్లో ప్రొద్దుటూరుకు పోవలసిందే. ఆదివారం రేకు గొట్టం ఒడిలో పెట్టుకుని బస్సులో కూర్చున్నాను. దానిలో ఏముందని కండక్టరు అడిగాడు. జంతువులని సత్యం చెప్పాను. ప్రొద్దుటూరు చేరేవరకు నా పక్కన ఎవరూ కూర్చోలేదు.

బట్టల అంగళ్ళ వరుస చివర ఆ సాయిబు అంగడి. దానిలో అడుగు పెట్టగానే నా మనసుకు హాయి కలిగింది. అంత క్రమం నేను ఏ కార్యాలయంలోనూ చూడలేదు. ఒక గోడ నిండా బంగారు పూత చట్టాలు. అందులో వేంకటేశ్వరస్వామి, మక్కా మసీదు, ఏసుప్రభువు ఒకే వరుసలో ఉన్నారు. దేవుడైతే చాలు, ఏ మతమని సాయిబు అడగడు. రెండవ గోడ మీద టేకు రంగు చట్టాలలో పెండ్లి ఫోటోలు, సన్మానం పొందినవారు, కొత్తగా ఉద్యోగం వచ్చినవారు. మూడవ గోడ మీద నల్లని చట్టాలు. వాటిలో ఉన్నవారెవరూ ఇప్పుడు లేరు.

సాయిబు నా పటాలను బల్ల మీద పరచి, మూలలకు నాలుగు మేకుడబ్బాలు బరువు పెట్టి, చాలాసేపు చూశాడు.

"ఇవి ఏ దేవునివి, అయివారూ?"

"దేవుళ్ళు కాదు సాయిబూ, జంతువులు."

"వాహనాలు కూడా కాదా?"

"కాదు."

"సరే. అయితే బంగారు పూత లేదు." ఆయన మొదటి గోడకు వీపు పెట్టి తిరిగాడు. "ఇప్పుడు చెప్పండి. ఇవి ఉండాయా, పోయినాయా?"

"ఆ ప్రశ్నకూ చట్టానికీ సంబంధమేమిటి?"

"శానా సంబంధం ఉండాది. నా అంగడి ఖాయిదా అది. ఉండేటోళ్ళకు టేకు రంగు, పోయినోళ్ళకు నలుపు."

నియమాన్ని నియమంగా గౌరవించడం నా అలవాటు. కాబట్టి ఉన్న విషయం ఉన్నట్లుగా వివరించాను. ఇవి ఒకప్పుడు విస్తారంగా ఉండేవి, నేడు తగ్గిపోయాయి, అయితే పూర్తిగా అంతరించలేదు అన్నాను. దొరసాని ఏమన్నారని ఆయన అడిగాడు. ఆమె అన్న మాటనే, ఆమెదని స్పష్టం చేస్తూ చెప్పాను.

"పోతాండాయా!" సాయిబు సుత్తి కింద పెట్టాడు. "పోతాండేవాటికి నా దగ్గర చట్టం లేదు, అయివారూ."

"టేకు రంగే వేయండి. ఇంకా బ్రతికే ఉన్నాయి కదా."

"రేపు పోతే? పోయినోళ్ళకు టేకు చట్టం కట్టినాడని నన్ను నలుగురూ నవ్వుతారు."

"అయితే నలుపు వేయండి."

"ఆ మాట అనొద్దండి!" ఆయన నిజంగా రెండు చెవులూ పట్టుకున్నాడు. "ఒకసారి ఆ తప్పు చేసి అనుభవించినా. కమలాపురం నుంచి ఒకాయన వచ్చినాడు. నాయనకు బాగలేదు, ఇయ్యాలో రేపో అన్నాడు. ఎట్లాగూ ఊరికి వచ్చినా గదా, మళ్ళా తిరగలేను, ఫోటోకు నల్లచట్టం కట్టియ్యి అన్నాడు. కట్టిచ్చినా. నెల దినాలకు ఆ నాయన ఈ గడప ఎక్కినాడు, చంకలో వాని పటం వాడే పెట్టుకోని! 'సాయిబూ, సూడు, నేను సచ్చినట్ల ఉండానా?' అన్నాడు. టేకు రంగుది మార్చి కట్టేదాకా ఆ స్టూలు మీదనుంచి లేయలా. ఇప్పటికీ బజారుకు వస్తే ఆడ నిలబడి అరుస్తాడు. 'సాయిబూ, ఇంకా ఉండా!' అని."

ఆ స్టూలును నేనూ చూశాను. అంతటి సాక్ష్యం తరువాత వాదించడం ఉచితం కాదనిపించింది. ఇనస్పెక్షను దగ్గర పడింది, చట్టమంటూ ఒకటి కావాలని మాత్రం చెప్పాను.

"నాకు వదిలిపెట్టండి. మీకూ మాట రాకుండా, నాకూ మాట రాకుండా, వాటికీ మాట రాకుండా కడతా" అన్నాడు.

ఇనస్పెక్షనుకు ముందురోజు సాయంత్రం వెళితే సాయిబు నమాజుకు పోయి ఉన్నాడు. పక్క అంగడి మనిషి నాలుగు పటాలనూ పాత పేపరులో చుట్టి, పురికొసతో కట్టిన కట్టను నాకు అందించాడు. అవతల బస్సు కదలబోతోంది. విప్పి చూసుకోవడానికి వ్యవధి లేకపోయింది.

ఇంటికి వచ్చేసరికి పులివెందుల నుంచి మా మామగారు వచ్చి ఉన్నారు. వేరుశనగ రైతు. కూతురిని చూడాలన్నప్పుడల్లా కాయల మూటతో వచ్చి, ఆ మూట నడింట్లో పెట్టుకుని, దాని పక్కనే కూర్చుని మాట్లాడేవారు. ఆయన ఎదుటనే పురికొస విప్పాను.

ప్రతి పటానికీ పైబద్ద, కుడిబద్ద టేకు రంగు. కింది బద్ద, ఎడమబద్ద నలుపు. మూలల దగ్గర వెంట్రుక దూరనంత పొందికగా అతికించి ఉన్నాయి. సగం బ్రతికినట్లూ సగం పోయినట్లూ నాలుగు జంతువులు నా వైపు బిగుసుకుని చూస్తున్నాయి. నా జీవితంలో ఒక వస్తువు రెండు రంగుల చట్టంలో ఉండడం అదే మొదటిసారి. మార్పించడానికి మరునాటి ఉదయం తప్ప వ్యవధి లేదు. ఆ ఉదయమే అధికారి వస్తున్నాడు.

"ఇది యాందల్లుడా, ఈ మూతి పొడుగుది?" అన్నారు మామగారు.

చట్టం మీద నుంచి మనసు మళ్ళించుకోవడానికి వివరంగా చెప్పాను. దీని ఇంగ్లీషు పేరు బ్యాండికూట్, ఆ మాట మన పందికొక్కు నుంచే పుట్టింది. మన దేశంలో ఈ పేరు విన్న తెల్లవారు, అక్కడ ఇటువంటి మూతి గల వేరొక జంతువును చూసి దానికీ అదే పేరు పెట్టారు. మన మాట సముద్రాలు దాటి నిఘంటువుకు ఎక్కిందని, అది మనకు గర్వకారణమని కూడా అన్నాను.

మామగారు ఇందులో ఒక్క మాటనే పట్టుకున్నారు.

"పందికొక్కా?" ఆయన చేయి తనంతట తానే శెనిక్కాయల మూట మీదికి పోయింది. "నాకు సగం పంట మిగల్చకుండా తిన్నెదానికి నువ్వు అద్దం యేసి పటం కట్టించినావా?"

"అది వేరు, ఇది వేరు మామా. ఇది ఆ జాతి కాదు. పొట్టకు సంచి ఉంటుంది."

"సంచి గూడా ఉందా! అయితే తిన్నెది చాలక మోసకపోతాదన్నమాట."

"సంచి పిల్లల కోసం."

"పిల్లోళ్ళు గూడా వస్తారా కాయలకు?" అని ఆయన మూటను మరికొంత దగ్గరకు జరుపుకున్నారు. కాసేపు ఆలోచించి, "పేరు మనది తీసుకుందంటే బుద్ధి గూడా తీసుకునే ఉంటాదిలే. అల్లుడా, తక్కిన మూడూ నీ ఇష్టం. దీనికి మాత్రం నాలుగు పక్కలా నలుపే కొట్టించు" అన్నారు.

మరునాడు తెల్లవారగానే పటాలను గదిలో వేలాడదీశాను. కింద నా చేతివ్రాతతో అట్ట ముక్క అంటించాను: 'క్షీయమాణ శిశుకోశధారి జంతువులు'. క్షీణించుచున్న, శిశువులకై సంచిని ధరించిన జంతువులు అని భావం. డ్రిల్లు మాస్టరు వచ్చి, ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి చదివాడు.

"శిశు... కోశం. కోశమంటే బొక్కసం గదా సార్? పిల్లోళ్ళ బొక్కసమా? ఫీజులు కట్టేది ఈడనా?"

నేను అట్ట ముక్కను సరిచేయబోయాను. ఆయన ఈలోగా చట్టాలు చూశాడు. చూసి, తన బంతులలో ఒకదానిని చేతి రుమాలుతో తుడవడం మొదలుపెట్టాడు. ఆ తుడవడంలో ఉన్న నిశ్చింత నన్ను మాటలకంటె ఎక్కువ బాధించింది.

అధికారి కోస్తా జిల్లాల వారు. మెత్తని మాట, పదునైన కళ్ళద్దాలు. ప్రధానోపాధ్యాయులు వెంట రాగా గదిలోకి వచ్చారు. మోకును దాటబోయి కొంచెం తూలి నిలదొక్కుకున్నారు. ఆ క్షణంలో నాకు ఆశ కలిగిన మాట దాచను. తరువాత ఆయన దృష్టి పటాల మీద పడింది.

"అబ్బ, ఎంత పాత పటాలండీ! ఎంత బాగున్నాయి!" అంటూ దగ్గరకు వెళ్ళారు. "ఇదేమిటి మరి? ఫ్రేము సగం ఒక రంగూ సగం ఒక రంగూనా? చెక్క చాలలేదా మాస్టారూ?"

"చెక్క చాలకపోవడం కాదండి. ఈ జంతువులు క్షీయమాణములు."

"అంటే, చచ్చిపోయాయా?"

"లేదండి."

"అయితే బ్రతికే ఉన్నాయి."

"అట్లా నిశ్చయంగా అనడానికీ వీలులేదండి."

"ఏదో ఒకటి చెప్పాలి కదండీ. అసలివి ఏ స్థితిలో ఉన్నాయి?"

నేను నేర్చిన భాషనంతా ఒక్కసారి వెదికాను. నశించినవి అంటే అసత్యం. నశింపనున్నవి అంటే ఎప్పుడో రాబోయే సంగతి. పోవుచున్నవి అంటే బజారుకు పోవుచున్నట్లుంటుంది. ఉంటూనే పోవడం, పోతూనే ఉండడం అనే ఆ స్థితికి సరిపోయే మాట నా వద్ద ఒక్కటే ఉంది. అది నాది కాదు.

"పోతాండాయి సార్" అన్నాను.

కిటికీ అవతల ఎవరో కిసుక్కుమన్నారు. ప్రధానోపాధ్యాయులు నన్ను జ్వరం వచ్చినవాడిని చూసినట్లు చూశారు. డ్రిల్లు మాస్టరు బంతి తుడవడం ఆపాడు.

"ఎక్కడికి?" అన్నారు అధికారి.

జవాబు గుమ్మం దగ్గర నుంచి వచ్చింది. అల్లుడి బడి చూడాలని మామగారు నా వెనుకనే వచ్చి, అక్కడ నిలబడి ఉన్న సంగతి నేను గమనించలేదు.

"యాడికీ కాదు సామీ, లోకమే ఇడిసి పోతాండాయంట. మూడిటికి సగం నలుపు సరిపోయింది. ఆ పందికొక్కు ఉండాదే, దానికి మాత్రం నాలుగు పక్కలా నలుపు కొట్టించమని రాత్రి నుంచి మొత్తుకుంటాండా. మా అల్లుడు ఇనడు. మీరన్నా చెప్పండి."

"పందికొక్కా? ఏదండీ పందికొక్కు?"

మామగారు చూపించారు. చూపించడమే కాక, ఆ సంవత్సరం తమ గాదెలో జరిగిన విధ్వంసాన్ని మొదటి కన్నం నుంచి చివరి కాయ వరకు వర్ణించారు. సంచి విషయం కూడా చేర్చారు. అధికారి మొదట మర్యాదగా విన్నారు. సంచి దగ్గరికి వచ్చేసరికి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆ తరువాత చట్టం సంగతి నన్ను మళ్ళీ అడిగారు. సాయిబు ఖాయిదాను, కమలాపురం పెద్దమనిషిని, స్టూలును, జరిగింది జరిగినట్లు చెప్పాను. కళ్ళద్దాలు ఆయన చేతిలోనే ఉండిపోయాయి.

ఆ అదను చూసి డ్రిల్లు మాస్టరు ముందుకు వచ్చాడు. ఆయన వాదం బలహీనమైనది కాదని ఇప్పుడూ ఒప్పుకుంటాను.

"సార్, పోతాండేవాటికి గది ఎందుకు సార్? ఉండే పిల్లోళ్ళకు బంతి పెట్టుకోను చోటు లేదు."

మోకు నడుమ పడి ఉంది. అధికారి దానిని చూసి, పటాలను చూసి, కళ్ళద్దాలు పెట్టుకున్నారు.

"ఇది కష్టమైన ప్రశ్నేనండీ. నేను తేల్చలేను. మీ సాయిబు తేల్చాడు, ఆ పద్ధతే ఇక్కడా అమలు చేయండి. ఉత్తరం గోడ, తూర్పు గోడ ప్రకృతిశాస్త్రానికి. దక్షిణం, పడమర వ్యాయామానికి. తాడు మాత్రం ముందు తీయించండి, ఎవరైనా పడతారు."

ఉత్తర్వు ఉత్తర్వే. అయితే తూర్పు గోడకు తలుపు, ఉత్తరపు గోడకు కిటికీ ఉన్నాయని ఆయన గమనించలేదు. ఆ రెంటినీ మినహాయించగా మిగిలిన గోడ మీద, తలుపుకు ఇరువైపులా రెండు, కిటికీకి ఇరువైపులా రెండు పటాలు పట్టాయి. నేల ఎవరిదో ఉత్తర్వులో లేదు. బంతులు దొర్లి వచ్చి చుక్కల పిల్లి కింద ఆగేవి. నేను వాటిని దక్షిణపు గోడకు తన్నేవాడిని. ఆ అభ్యాసం వల్ల నా కుడికాలు కొంత బలపడిందని డ్రిల్లు మాస్టరు అందరితో అనేవాడు.

'పోతాండాయి' అని వ్రాసినవాడి చేత పలకకు రెండు వైపులా వ్రాయించడం నేను మానలేదు. కాకపోతే ఏమి పోతున్నదో ముందు అడిగి తెలుసుకునేవాడిని.

మామగారు పులివెందుల నుంచి వచ్చినప్పుడల్లా, కాళ్ళు కడుక్కోకముందే, మొదట అడిగే మాట ఇదే:

"అల్లుడా, పోయిందా?"

"లేదు మామా. పోతాండాది."

"ఎన్నాళ్ళు పోతాదబ్బా! కర్నూలు పోయినోడు గూడా తిరిగొచ్చినాడు" అని మూట దించేవారు.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారిన తరువాత ఒకనాడు బట్టల కోసం ప్రొద్దుటూరు వెళ్ళాను. వరుస చివరి నుంచి సాయిబు కేక వేశాడు.

"అయివారూ! ఏమాయ? ఉండాయా, పోయినాయా?"

కొత్త సమాచారం లేదని చెప్పాను. ఆయన బల్ల కింద నుంచి పురికొసతో కట్టిన బద్దల కట్ట తీసి చూపించాడు. నా పటాల కొలతకే కోసి, నూనె పట్టించి ఉన్నాయి. టేకు రంగువి.

"కోలుకుంటే నల్లబద్దలు పీకి ఇవి యేస్తా. కమలాపురం నాయన కోలుకోలా? అందుకని ముందే కోసిపెట్టినా. నల్లవి కొయ్యలా."

ఆ కట్టను చేతిలోకి తీసుకున్నాను. నాలుగు పటాలకు రెండేసి చొప్పున ఉండవలసిన బద్దలు తక్కువగా ఉన్నట్లు కనిపించాయి. లెక్క తప్పితే నేను సహించను.

"ఇవి మూడు పటాలకే సరిపోతాయి సాయిబూ."

"అవు. నాలుగోదానికి వేరే కట్ట ఉండాది." ఆయన కొంచెం ఇబ్బందిగా అటు తిరిగి, మూడవ గోడ కింద నుంచి ఇంకొక కట్ట తీశాడు. అవి నల్లవి. "మీ మామ వచ్చినాడు, పులివెందులాయన. ఆ పందికొక్కుకు ఇవి కోసి పెట్టమని చెప్పిపోయినాడు. నేను కొయ్యనంటే ఆ స్టూలు మీద కూర్చున్నాడు."